కిలోమీటర్లు తక్కువని మురిసిపోకండి: మొదటిసారి పాత స్నోమొబైల్ కొనేవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇంతవరకూ సొంతంగా స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) నడపలేదు, స్నేహితుల బండి వెనక కూర్చుని రెండుసార్లు తిరిగారు. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి పాతది చూస్తున్నారు. రెండు నచ్చాయి. ఒకటి 800 సీసీ టూ-స్ట్రోక్ కొండ బండి, 13 ఏళ్లది, 163 అంగుళాల ట్రాక్ (బండి కింద తిరిగే రబ్బరు పట్టీ), తిరిగింది 2,400 కిలోమీటర్లే, తళతళలాడుతోంది. రెండోది 550 సీసీ ఫ్యాన్ కూల్డ్ (ఫ్యాన్ గాలితో చల్లబడే) బండి, 9 ఏళ్లది, 9,000 కిలోమీటర్లు తిరిగింది, ప్లాస్టిక్ నిండా గీతలు. మీరు తిరగబోయేది చదును చేసిన ట్రెయిళ్ల మీద, ఎప్పుడైనా గడ్డకట్టిన చెరువు మీద. ‘మొదటిది దాదాపు కొత్తదే కదా, అదే తీసుకోమంటారా?’ అన్నారు.

వద్దు. ముందు రెండోదాన్ని చూసి రండి.

నేను మెకానిక్‌ను కాను. కానీ పాతికేళ్లుగా స్లెడ్లు, అంటే ఈ బండ్లే, నడుపుతున్నాను, కొన్నాను, అమ్మాను, కొన్నిటిని గ్యారేజీలో నేల మీద ముక్కలుగా పరిచి మళ్లీ బిగించాను. అంతా కలిపి నాకు వంటబట్టింది ఒక్కటే. కారు తిరిగి తిరిగి అరుగుతుంది. స్నోమొబైల్ చాలాసార్లు కూర్చుని కూర్చుని పాడవుతుంది. ఏడాదికి మూడు నాలుగు నెలలు పని, మిగతా కాలమంతా షెడ్డులో నిద్ర. ఆ నిద్ర ఎలా పోయిందన్నదే దాని ఆయుష్షు. 13 ఏళ్లలో 2,400 కిలోమీటర్లంటే ఏడాదికి 200 కూడా లేవు. అందులో కొన్ని చలికాలాలు అసలు బయటికే తీసి ఉండరు.

అలా పడి ఉన్న టూ-స్ట్రోక్ ఇంజన్ లోపల ఏం జరుగుతుందో చెప్తాను, అప్పుడు నా భయం అర్థమవుతుంది. టూ-స్ట్రోక్‌లో ఫోర్-స్ట్రోక్‌కు ఉన్నట్టు అడుగున ఆయిల్ నిల్వ ఉండదు. పెట్రోలుతో పాటు లోపలికి వచ్చే ఆయిల్ పొరే క్రాంక్ బేరింగులను తడిపి ఉంచుతుంది. సీజన్ అయ్యాక ఫాగింగ్ ఆయిల్ (తుప్పు పట్టకుండా ఇంజన్ లోపల కొట్టే ఆయిల్) కొట్టకుండా మూలన పెడితే ఆ పొర జారిపోతుంది, చెమ్మ చేరుతుంది, బేరింగులకు తుప్పు మొదలవుతుంది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు బంకలా మారి కార్బురేటర్ జెట్లలో (పెట్రోలు వెళ్లే సన్నటి కంతల్లో) అడ్డుపడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాలిలో తేమను కూడా లాగేసుకుంటుంది. క్రాంక్ సీళ్లు గట్టిపడి పక్కనుంచి గాలి పీల్చడం మొదలుపెడతాయి. ఇక ఎలుకల సంగతి. ఎయిర్‌బాక్సు, సైలెన్సరు వాటికి కట్టించి ఇచ్చిన ఇళ్లు. గూడు ఒక్కటే అయితే లాగి పారేయొచ్చు, కొరికేసిన వైర్లే అసలు తలనొప్పి.

నా మొదటి బండి అచ్చం మీరు చూసిన లాంటిదే. మీటరు చూసి మురిసిపోయాను. నేను వెళ్లేసరికే అమ్మేవాడు ఇంజన్ వేడెక్కించి, సీటు తుడిచి, టీ తాగుతూ ఎదురుచూస్తున్నాడు. తాడు ఒక్కసారి లాగితే స్టార్టయింది. ఇంటికొచ్చాక మూడో రోజు, మంచి వేగంలో ఉండగా, ట్రాక్ ఒక్కసారిగా పట్టేసింది. విప్పి చూస్తే ఒకవైపు కార్బురేటర్ జెట్ సగం మూసుకుపోయి ఉంది. ఆ సిలిండరుకు పెట్రోలు తక్కువైంది. టూ-స్ట్రోక్‌లో పెట్రోలు తగ్గితే వేడి పెరిగినట్టే. పిస్టన్ కరిగి గోడకు అతుక్కుపోయింది. ఆ రిపేరుకు నేను పెట్టిన డబ్బుతో మొదటే బుద్ధిగా ఇంకో మంచి బండి కొనుక్కునేవాణ్ని. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

అయితే మీ మొదటి బండిని వద్దనడానికి ఇంకో కారణం ఉంది, అది దీనికంటే పెద్దది. మీరు తిరిగే చోటుకూ ఆ బండికీ పొత్తు కుదరదు.

స్నోమొబైళ్లన్నీ చూడటానికి ఒకేలా ఉన్నా, తేడా అంతా ట్రాక్ పొడవులో, ట్రాక్ మీద ఉండే రబ్బరు పళ్ల ఎత్తులో ఉంటుంది. ఆ పళ్లను లగ్గులంటారు. ట్రెయిళ్ల మీద తిరిగే బండికి ట్రాక్ 120 నుంచి 137 అంగుళాల దాకా, లగ్గులు ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళం దాకా ఉంటాయి. మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది, గట్టి మంచు మీద నిలకడగా పోతుంది. 137 నుంచి 146 మధ్యవి రెండు విధాలా పనికొస్తాయి. 154 దాటాక అవి కొండల బండ్లు, లగ్గులు రెండుంపావు అంగుళాల పైనే. నడుం లోతు మెత్తటి మంచులో తేలుతూ ఎక్కడానికి చేసినవి. వాటిని గట్టిగా చదును చేసిన దారి మీద నడిపితే ముందుండే స్కీలు (మంచు మీద జారే పలకలు) మలుపు తిప్పిన మాట వినవు. ఆ స్కీల మధ్య దూరం కూడా తక్కువ కావడంతో మలుపులో ఒకవైపు లేచినట్టవుతుంది. పొడవాటి లగ్గులు వంగి వంగి వేడెక్కుతాయి. వీటి ఇంజన్ చల్లబడేదే ట్రాక్ ఎగజిమ్మే మంచుతో కాబట్టి, గట్టి దారి మీద ఆ మంచు చాలక ఉష్ణోగ్రత సూచీ పైకి పాకుతుంది. నేర్చుకునేవాడికి ఇన్ని తలనొప్పులు ఎందుకు?

పైగా 800 సీసీ టూ-స్ట్రోక్ అంటే దాదాపు 150 హార్స్‌పవర్. మీ రెండో బండిది 60కి అటూ ఇటూ. ఆక్సిలరేటర్ ఇక్కడ కాలి కింద ఉండదు, కుడి బొటనవేలి కింద ఉంటుంది. గతుకు తగిలి ఒళ్లు వెనక్కి ఊగితే వేలు తెలియకుండానే నొక్కేస్తుంది. 60 హార్స్‌పవర్ బండి ఆ తప్పును మన్నిస్తుంది. 150ది మన్నించదు, చెట్టు దాకా తీసుకెళ్తుంది. మీకు కొంచెం ఎక్కువ సత్తువ కావాలనిపిస్తే లిక్విడ్ కూల్డ్ (కూలంట్ ద్రవంతో చల్లబడే) 600 దాకా వెళ్లండి, అక్కడ ఆగండి.

కార్బురేటర్ బండి అయితే ఎత్తు ప్రదేశాల నుంచి వచ్చిందా అని అడగడం మర్చిపోవద్దు. కొండల మీద గాలి పలచన కాబట్టి అక్కడివాళ్లు చిన్న జెట్లు వేస్తారు. ఆ బండిని కిందికి తెచ్చి జెట్లు మార్చకుండా నడిపితే పెట్రోలు చాలక పిస్టన్ కాలిపోతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు దీన్ని చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి, కానీ వాటిలో కూడా క్లచ్ పుల్లీల లోపలి బరువులు, స్ప్రింగులు ఎత్తుకు తగ్గట్టు మార్చి ఉండొచ్చు.

ఫ్యాన్ కూల్డ్ అంటే పాతకాలం సరుకని కొందరు ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం కొత్తవాళ్లకు అంతకంటే నమ్మకమైన బండి కనిపించదు. కూలంట్ లేదు, దాని పంపు లేదు, టన్నెల్ (సీటు కింద ట్రాక్‌ను కప్పే లోహపు పెట్టె) కింద కారే గొట్టాలు లేవు. ఫ్యాన్ బెల్టు, ప్లగ్గులు, ఆయిల్, అంతే. ఫోర్-స్ట్రోక్ దొరికితే అదీ మంచిదే. పొగ ఉండదు, చప్పుడు తక్కువ, పెట్రోలు తక్కువ తాగుతుంది, సరిగ్గా ఆయిల్ మార్చుకుంటూ పోతే 20,000 కిలోమీటర్లు దాటినవి కూడా హాయిగా నడుస్తాయి. కాకపోతే బరువు. మెత్తటి మంచులో కూరుకుపోతే తవ్వి తీయడానికి ఒక్కరి వల్ల కాదు.

వయసు విషయంలో నా గీత ఒకటుంది. స్కీ-డూ కంపెనీ 2003 మోడల్‌గా రెవ్ అనే చాసిస్ (బండి చట్రం) తెచ్చాక నడిపేవాడు కూర్చునే తీరే మారిపోయింది. అంతకుముందు బండ్లలో వెనక్కి, కాళ్లు ముందుకు చాపి కూర్చునేవాళ్లం, గతుకులన్నీ నడుముకే. ఆ తర్వాత ముందుకు జరిగి, మోకాళ్లు వంచి లేచి నడపడం వచ్చింది, మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. పాతవాటి మీద మోజున్నవాళ్లను నేనేమీ అనను, నా దగ్గరా ఒకటుంది. మొదటి బండిగా మాత్రం ముందుకు కూర్చునే తీరుదే చూడండి. ఇంకో రెండు విషయాల్లో రాజీ వద్దు. రివర్స్ ఉండాలి, సెల్ఫ్ స్టార్ట్ ఉండాలి. 250 కిలోల బండిని మంచులో చేతులతో వెనక్కి తిప్పిన రోజు మీకే తెలుస్తుంది. కొన్ని బండ్లలో రివర్స్ బటన్ నొక్కితే ఇంజన్ ఆగిపోతున్నట్టు నీరసించి, మళ్లీ పుంజుకుని ఉల్టా తిరుగుతుంది. అది జబ్బు కాదు, దాని పద్ధతే అంత.

యమహా స్నోమొబైళ్ల గురించి అడుగుతారేమో. 2025 మోడళ్లతో ఉత్తర అమెరికాలో అమ్మకం ఆపేస్తామని ఆ కంపెనీ 2023లో ప్రకటించింది. వాళ్ల ఫోర్-స్ట్రోక్ ఇంజన్లకు మంచి పేరుంది, పాతవి కొనడంలో తప్పు లేదు. మీకు దగ్గర్లో విడిభాగాలు తెప్పించేవాళ్లు ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. ఈ మాట ఏ కంపెనీ బండికైనా వర్తిస్తుంది. దగ్గర్లో ఏ డీలర్ ఉన్నాడో చూసి, దాన్ని బట్టి కంపెనీ ఎంచుకోవడం రంగు చూసి ఎంచుకోవడం కంటే తెలివైన పని.

ఇక చూడటానికి వెళ్లడం. ఫోన్‌లోనే చెప్పండి, ‘నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి’ అని. వెళ్లగానే పలకరింపులు అవుతుండగా చెయ్యి ఎగ్జాస్ట్ దగ్గర పెట్టండి. వెచ్చగా ఉంటే కారణం అడగండి. చల్లటి ఇంజన్ చెప్పే నిజాలు వేడి ఇంజన్ చెప్పదు. చలిలో స్టార్టయ్యాక మొదట నీలిపొగ రావడం టూ-స్ట్రోక్‌కు మామూలే, కాసేపటికి పలచబడాలి. లిక్విడ్ కూల్డ్ బండిలో తెల్లటి, తియ్యటి వాసన వేసే పొగ తగ్గకుండా వస్తోందంటే కూలంట్ సిలిండరులోకి పోతోందన్నమాట. తిరిగి వచ్చేయండి.

కంప్రెషన్ గేజీ (సిలిండరు లోపలి ఒత్తిడిని కొలిచేది) ఒకటి కొనుక్కోండి, లేదా ఉన్నవాణ్ని వెంటబెట్టుకు వెళ్లండి. రెండు ప్లగ్గులూ తీసి, వాటి వైర్లను ఇంజన్ లోహానికి తగిలించి, థ్రాటిల్ (ఆక్సిలరేటర్) పూర్తిగా నొక్కి పట్టి, ముల్లు ఇక పెరగదనేదాకా తాడు లాగాలి. చాలా టూ-స్ట్రోక్‌లలో 120 పీఎస్‌ఐకి (ఒత్తిడి కొలత) కాస్త అటూ ఇటూ వస్తుంది. అసలు అంకెను మరీ పట్టుకుని వేలాడకండి, గేజీని బట్టి, ఎత్తును బట్టి మారుతుంది. రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది పది శాతం లోపు ఉండాలి. ఒకటి 125, ఇంకోటి 100 చూపిస్తే ఆ వందది ఇప్పటికే ప్రయాణానికి మూట కట్టుకుందని అర్థం. ఫోర్-స్ట్రోక్‌లలో చాలావాటికి స్టార్టింగ్ సులువు కావడానికి కంప్రెషన్ తగ్గించే ఏర్పాటు ఉంటుంది, అక్కడ ఈ పరీక్ష అంకెలు మోసం చేస్తాయి.

గేజీ కూడా చెప్పనిది ఒకటుంది. టూ-స్ట్రోక్ ఎగ్జాస్ట్ పైపు స్ప్రింగులతో పట్టి ఉంటుంది. అది తీసి, ఎగ్జాస్ట్ పోర్టులోంచి టార్చి వేసి, తాడు మెల్లగా లాగుతూ పిస్టన్ పక్క గోడ చూడండి. సాఫుగా ఉంటే మంచిది. నిలువు గీతలు, అల్యూమినియం పూసినట్టు మరకలు ఉంటే అది ఒకసారి పట్టేసి, ఎలాగో బతికి బయటపడ్డ పిస్టన్. అమ్మేవాడు ఈ పైపు తీయడానికి ఒప్పుకోకపోతే కోపం తెచ్చుకోకండి, ఆయన బండి ఆయనిష్టం. కానీ ఎడ్లను కొనేటప్పుడు నోరు తెరవనివ్వని ఎద్దు గురించి ఏమనుకుంటామో ఇక్కడా అదే అనుకోండి.

పిస్టన్ తర్వాత నేను ఎక్కువసేపు నిలబడేది ట్రాక్ దగ్గర. ఇంజన్ తర్వాత జేబుకు పెద్ద చిల్లు పెట్టేది అదే. వెనక బంపరు పట్టి ఎత్తి, దిమ్మ మీద నిలబెట్టి, ఇంజన్ ఆపి ఉండగానే చేత్తో ట్రాక్‌ను ఒక చుట్టు తిప్పండి. లోపలివైపు, బయటివైపు, కిటికీల్లాంటి కంతల అంచులు, వాటికుండే లోహపు క్లిప్పులు, అన్నీ చూడాలి. ఒకటి రెండు లగ్గులు ఊడితే పర్వాలేదు. ఒకే వరసలో బోలెడు ఊడితే ఎక్కడో గుద్దుకుంది. ట్రాక్ అడ్డంగా గట్టిగా ఉండటానికి లోపల ఫైబర్ కడ్డీలు ఉంటాయి, ప్రతి వరస అంచునూ పట్టి వంచి చూడండి. ఒకచోట మాత్రం మెత్తగా వంగితే అక్కడ కడ్డీ విరిగింది. ఎండలో, ఒకే భంగిమలో ఏళ్ల తరబడి ఉన్న ట్రాక్ రబ్బరు పగుళ్లిచ్చి ఉంటుంది. మీ మొదటి బండిని కొంటానని మొండికేస్తే, దానిలో దీన్ని తప్పకుండా చూడాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. బండిని ఎత్తి పెట్టి ఇంజన్‌తో ట్రాక్ తిప్పుతున్నప్పుడు వెనక ఎవరూ నిలబడకూడదు, ముఖ్యంగా పిల్లలు. ట్రాక్‌కు ఇనుప స్టడ్లు (పట్టు కోసం బిగించే మేకుల్లాంటివి) ఉంటే ఊడినది తూటాలా వస్తుంది. స్టడ్లు ఉన్న బండి కొనేముందు మీరు తిరిగే దారుల్లో వాటిని అనుమతిస్తారో లేదో కూడా కనుక్కోండి.

ట్రాక్ లోపల దాన్ని మోసే పట్టాల కింద ప్లాస్టిక్ స్లైడర్లు ఉంటాయి. వాటి మీద అరుగుదల హద్దు గీత ఉంటుంది, దాని దాకా వచ్చేస్తే మార్చాలి. చవకే, బేరానికి పనికొస్తుంది. స్లైడర్లు కరిగి, రుద్దుకుపోయినట్టు ఉంటే మాత్రం ఆ యజమాని మంచు లేని చోట నడిపాడని తెలుస్తుంది, ఎందుకంటే వాటిని చల్లగా, జారుడుగా ఉంచేది మంచే. ఫ్యాన్ కూల్డ్ బండి ఇంజన్‌కు మంచు అక్కర్లేకపోయినా స్లైడర్లకు కావాలి, ఇది చాలామంది మర్చిపోతారు. చిన్న చక్రాలన్నీ తిప్పి, గరగర శబ్దం చేసేవాటిని లెక్కపెట్టుకోండి. పట్టాలు ముందు వంపు దగ్గర చీలాయేమో చూడండి.

వెనకనుంచి నాలుగడుగులు దూరంగా నిలబడి టన్నెల్‌ను ఒక కన్ను మూసి చూడండి. మెలి తిరిగి ఉందా? రివెట్లు కొన్ని కొత్తగా మెరుస్తూ, మిగతావి పాతగా ఉన్నాయా? వెల్డింగ్ ఉందా? ముందు భాగంలో స్కీ చేతులు వచ్చి కలిసే చోట పగుళ్లున్నాయా? హ్యాండిల్ తిన్నగా పెడితే స్కీలు తిన్నగా ఉన్నాయా? బండి ఎక్కడో గుద్దుకుంటే ఇవే సాక్ష్యం పలుకుతాయి. ప్లాస్టిక్ గీతలు మాత్రం అడవి దారిలో తిరిగిన బండికి ఒంటి మీద వాతల్లాంటివి, వాటికి భయపడొద్దు. నేనైతే గీతలున్న బండి యజమాని చేతికి గ్రీజు ఉందా అని చూస్తాను.

క్లచ్ కవర్ తెరిపించండి. స్నోమొబైల్‌కు గేర్లుండవు, రెండు పుల్లీల మధ్య బెల్టు పైకీ కిందికీ జారుతూ వేగం మారుస్తుంది. కవర్ లోపలంతా నల్లటి రబ్బరు పొడి ఉంటే బెల్టు జారుతోంది, లేదా పుల్లీలు వరస తప్పాయి. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నా, కొత్తదానికంటే మూడు మిల్లీమీటర్లు సన్నబడినా మార్చాలి. ఇంజన్ ఆపి ఉండగా ముందు పుల్లీని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. టకటకమని ఆడితే క్రాంక్ బేరింగు పోయింది. కూర్చుని చెడిన బండ్లలో నేను దీన్నే ఎక్కువ చూశాను.

చైన్‌కేస్ (ట్రాక్‌ను తిప్పే చైన్ ఉండే పెట్టె) ఆయిల్ పాలలా ఉంటే నీళ్లు చేరాయి. లిక్విడ్ కూల్డ్ బండి అయితే టన్నెల్ అడుగున హీట్ ఎక్స్‌ఛేంజర్ల (మంచు తగిలి కూలంట్ చల్లబడే భాగాల) మీద రంగు మరకలు వెతకండి. షాక్‌ల కడ్డీల మీద ఆయిల్ జిడ్డు ఉంటే అవి బాగుచేయించుకోవాలి. స్కీల కింద కార్బైడ్ పట్టీలు అరిగితే బండి మలుపు తిరగదు, అవి చవకే. ఇవన్నీ బేరం సరుకు.

బేరం లేనివి మూడు. బ్రేకు నొక్కితే లివరు హ్యాండిల్ పిడికి తగలకూడదు. ఇంజన్ ఆపి థ్రాటిల్ నొక్కి వదిలితే టక్కున వెనక్కి రావాలి, బద్ధకంగా వస్తే కేబుల్‌లో చెమ్మ గడ్డకట్టిన రోజు అది వెనక్కి రానే రాదు. ఎర్ర బటన్, ఒంటికి తగిలించుకునే తాడు, రెండూ ఇంజన్‌ను ఆపాలి, బండి నిలిపి, ఇంజన్ నడుస్తుండగా రెంటినీ వాడి చూడండి. చేతుల దగ్గర హీటర్లు పనిచేస్తే కరెంటు తయారవుతోందని కూడా తెలుస్తుంది.

మంచు ఉంటే నడిపి చూడకుండా డబ్బివ్వొద్దు. మంచు లేకపోతే ఎత్తి పెట్టి కాసేపు ట్రాక్ తిప్పడమే గతి, మట్టి మీదో గడ్డి మీదో లాగొద్దు. అందుకే నా లెక్కలో కొనడానికి మంచి కాలం సీజన్ చివరి రెండు మూడు వారాలు. అమ్మేవాళ్లకు షెడ్డు ఖాళీ చేయాలని ఉంటుంది, నేల మీద నడిపి చూసేంత మంచు ఇంకా ఉంటుంది. వేసవిలో ఇంకా చవకగా దొరకొచ్చు, కానీ అది కళ్లు మూసుకుని కొనడం. మొదటి మంచు పడ్డ వారం మాత్రం ఎవరూ ధర తగ్గించరు.

కాగితాలు. టన్నెల్ కుడివైపు చెక్కి ఉండే నంబరును రిజిస్ట్రేషన్‌తో అక్షరం అక్షరం పోల్చుకోండి. నంబరు గీకేసినట్టున్నా, పక్కనే రివెట్లు కదిపినట్టున్నా దణ్నం పెట్టి వచ్చేయండి. 17 అక్షరాల నంబరుంటే పదో అక్షరం మోడల్ సంవత్సరాన్ని చెబుతుంది, ప్రకటనలో రాసిన ఏడాదితో సరిపోలాలి. అదే నంబరు డీలర్‌కు చెబితే కంపెనీ వెనక్కి పిలిచి చేయాల్సిన మరమ్మతులు ఏమైనా పెండింగ్ ఉన్నాయేమో చూస్తాడు. అప్పు మీద కొన్న బండి అయితే ఆ అప్పు తీరిందో లేదో తెలుసుకోండి. రిజిస్ట్రేషన్, బీమా, శిక్షణ నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, మీ చోటివి కొనకముందే చదవండి.

చేతిలో ఉన్న డబ్బంతా బండికే పెట్టకండి. కనీసం ఐదో వంతు పక్కన పెట్టుకోండి. కొన్న వెంటనే కొత్త బెల్టు ఒకటి, ప్లగ్గులు, చైన్‌కేస్ ఆయిల్, బ్రేకు ఆయిల్, ట్యాంకులో ఉన్నదంతా తీసి కొత్త పెట్రోలు, ఇవి తప్పవు. పాత బెల్టు బాగుంటే దాన్ని బండిలో స్పేర్‌గా ఉంచండి, బెల్టు ఎప్పుడూ ఇంటికి దూరంగానే తెగుతుంది. హెల్మెట్ స్నోమొబైల్‌దే కొనండి. మోటార్‌సైకిల్‌ది పెట్టుకుంటే పది నిమిషాల్లో అద్దం మీద ఊపిరి గడ్డకట్టి దారి కనిపించదు. ట్రెయిలరు లేకపోతే దాని ఖర్చు కూడా కలుపుకోండి.

చెరువు మీద నడుపుతానన్నారు కాబట్టి ఒక్క మాట. కొత్తగా గడ్డకట్టిన, గాజులా తేటగా ఉన్న మంచు కనీసం ఐదు నుంచి ఏడు అంగుళాల మందం ఉండాలని సాధారణంగా చెబుతారు. తెల్లగా, నురగలా ఉన్నది దానిలో సగం బలమే. నీళ్లు పారే చోట, కాలువ కలిసే చోట ఏ అంకే నమ్మొద్దు. మొదటి ఏడాది, ముందు వేరేవాళ్ల ట్రాక్ గుర్తులు లేని చెరువు మీదకు పోకండి. ఆ గుర్తులు ఎప్పటివో కూడా చూడండి. ఎప్పుడైనా కొండల మీదకు వెళ్లాలనిపిస్తే బండి కంటే ముందు మంచు చరియలు విరిగిపడే ప్రమాదం (అవలాంచ్) గురించి శిక్షణ తీసుకోవాలి, బీకన్ (మంచులో కూరుకున్నవాళ్ల జాడ చెప్పే సిగ్నల్ పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) కొనాలి, వాటిని వాడటం తెలిసిన తోడు ఉండాలి.

రెండో బండి యజమానికి ఈరోజే ఫోన్ చేయండి. ముఖ్యంగా రెండు అడగండి. ‘వేసవిలో దీన్ని ఎలా పెట్టారు?’ అనేది మొదటిది. ట్యాంకులో పెట్రోలు పాడవకుండా స్టెబిలైజరు వేశాను, ఫాగింగ్ చేశాను, బెల్టు తీశాను, వెనక భాగం ఎత్తి పెట్టాను, సైలెన్సరుకు గుడ్డ కుక్కాను అని ఆయన ఆగకుండా చెప్పుకుపోతే వెళ్లి చూడండి. ‘షెడ్డులోనే ఉంది’ అని ఊరుకుంటే ఇంకో బండి వెతకండి. రెండోది, ఏ ఆయిల్ పోస్తున్నారని. 9,000 కిలోమీటర్లు దాన్ని నడిపినవాడు ఆ డబ్బా పేరు ఆలోచించకుండా చెప్పగలగాలి. పిస్టన్లు, రింగులు ఇంతకుముందు మార్చారా అని కూడా మెల్లగా కదపండి. మార్చి ఉంటే రసీదు అడగండి. మార్చకపోతే కంప్రెషన్ చూశాక ఆ ఖర్చును బేరంలో పెట్టండి. వెళ్లినప్పుడు టార్చి, గేజీ, పాత గుడ్డముక్క తీసుకెళ్లండి. చూసి వచ్చాక ఆ రెండు కంప్రెషన్ అంకెలు, క్లచ్ కవర్ లోపలి ఫోటో నాకు పంపండి, బేరం ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడు చెప్తాను.